బిడ్డల్ని పట్టుకునే రెబెకమ్మ

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో డాక్టర్ జనార్దనయ్య నర్సింగ్ హోమ్ ఉండేది. మెట్ల కింద కిటికీ లేని గదిలో ఎక్స్‌రే మిషన్ పెట్టారు. ఆ గదిలోకి వచ్చిన ప్రతి చంటిబిడ్డనూ పన్నెండేళ్ళ పాటు పట్టుకున్నది రెబెకమ్మ.

ఆమె 1983లో ఆయాగా చేరింది. ఊడవడం, తుడవడం, కాన్పు గుడ్డలు ఉతకడం ఆమె పని. ఎక్స్‌రే గదిలో పని ఎవరూ అప్పగించలేదు, దానంతటదే వచ్చి మీద పడింది. బిడ్డ కదిలితే ఫిలిం చెడిపోతుంది. తల్లులు పట్టుకుంటే బిడ్డలు ఇంకా గింజుకుంటారు. రెబెకమ్మ ఒక చేత్తో బిడ్డ మోచేతులు రెండూ చెవుల పక్కకు అదిమి, ఇంకో చేత్తో మోకాళ్ళు నొక్కిపెట్టి, నాలుకతో టక్కున ఒక చప్పుడు చేసేది. ఏడ్చే బిడ్డ ఆ చప్పుడికి ఒక్క క్షణం బిత్తరపోయి ఆగేది. ఆ క్షణంలోనే చెంచురామయ్య బటన్ నొక్కేవాడు.

చెంచురామయ్యది కలువాయి. మద్రాసులో ఎవరో డాక్టరు దగ్గర పనిచేస్తూ చూసి నేర్చుకున్న పని. సర్టిఫికెట్ లేకపోయినా, ఆ చుట్టుపక్కల అంత శుభ్రమైన ఫిలిం తీసేవాడు ఇంకొకడు లేడని పేరు. అతని చేతులు మాత్రం చూడ్డానికి బాగుండేవి కావు. గోళ్ళు నిలువునా చీలి ఉండేవి. వేళ్ళ మీద చర్మం పలచబడి, మెరుస్తూ, అక్కడక్కడా పొలుసులు లేచి ఉండేది. ఫిలిం కడిగే మందునీళ్ళలో నాని నాని అట్లా అయ్యాయని అతను చెప్పేవాడు. రెబెకమ్మ నమ్మింది. ఆమె చేతులు కూడా ఫినాయిల్‌కు పగిలే ఉండేవి.

గదిలో ఎక్స్‌రేకి అడ్డంగా ఒంటిమీద వేసుకునే సీసపు ఏప్రాన్ ఒకటి ఉండేది. మోయలేనంత బరువు. దాన్ని నాలుగు మడతలు పెట్టి మేకుకు తగిలించేవాళ్ళు. గుర్తున్నరోజు ఆమె వేసుకునేది, ఎండాకాలం వేసుకునేది కాదు.

1995 ఫిబ్రవరిలో చెంచురామయ్య మద్రాసు వెళ్ళాడు. ఎడమచేతి చూపుడువేలి మీద పుండు ఏడాదిగా మానడం లేదు. మూడు వారాల తర్వాత తిరిగివచ్చినప్పుడు ఆ వేలు లేదు. పక్క వేలు కూడా సగానికే ఉంది.

రెబెకమ్మ గది తుడుస్తూ ఉంది. అతను స్టూలు మీద కూర్చుని కట్టు ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏమన్నారన్నా?" అని అడిగింది.

"కేన్సరంట. నా చెయ్యి చూడంగానే ఆ డాక్టరు ఎక్స్‌రే కాడ ఎన్నేళ్ళు పనిచేసినావని అడిగినాడు. నా పేరు గూడా ఆ తర్వాతే అడిగినాడు."

"మందునీళ్ళు అంటివే."

"మందునీళ్ళు కాదంటమ్మే. లైటు." చెంచురామయ్య ఎక్స్‌రేను లైటనే అనేవాడు. "ముందు రోజుల్లో తెర మీద గుండెకాయ కొట్టుకునేది చూపిస్తా ఉంటిమి గదా, అప్పుడు ఈ చెయ్యి లైటులోనే పెట్టుకోని నిలబడేవాణ్ణి." తర్వాత ఆమె చేతులవైపు చూశాడు. "నువ్వు గూడా పట్టుకుంటివి గదా ఇన్నేళ్ళూ," అన్నాడు. అన్నందుకు చెడ్డగా అనిపించిందేమో, లేచి మేకుకున్న ఏప్రాన్ సర్దబోయాడు.

రెబెకమ్మ గుడ్డ బకెట్లో వేసి గోడకు ఆనుకుంది. ఆమెకు అప్పుడు మూడో నెల. పెద్దపిల్ల షైనీకి తొమ్మిదేళ్ళు. షైనీ తర్వాత రెండు కడుపులు వచ్చి, రెండూ మూడు నెలలు నిండకుండానే పోయాయి. ఎందుకు పోయాయని ఆమె ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెంచురామయ్య చేతి కట్టును చూస్తుంటే ఆ రెండూ ఒకదాని తర్వాత ఒకటి గుర్తుకొచ్చాయి.

"ఏప్రాన్ ఉంటే లైటు లోపలికి రాదంట గదన్నా," అంది. "నేను వేసుకున్నానులే, చానాసార్లు."

మడతపెట్టిన ఏప్రాన్‌ను ఒకసారి ఎక్స్‌రే తీసి చూడమని మద్రాసులో ఎవరో చెంచురామయ్యకు చెప్పి పంపారు. ఏప్రాన్ మడతలు విప్పి బల్ల మీద పరిచాడు. దాని కింద పెద్ద ఫిలిం పెట్టి, ఆమెను బయటికి వెళ్ళమని, బటన్ నొక్కాడు. తర్వాత ఇద్దరూ పక్కనున్న చీకటిగదిలోకి వెళ్ళారు. ఎర్రబల్బు వెలుతుర్లో అతను మిగిలిన వేళ్ళతోనే ఫిలింను మందునీళ్ళలో ఊపాడు.

సీసం ఆపితే ఫిలిం తెల్లగా ఉండాలి. తెల్లగానే ఉంది, కానీ ఆ తెలుపు మీద నల్లటి గీతలు మొదలయ్యాయి. ముందు ఒకటి కనిపించింది, తర్వాత నాలుగు, ఆ తర్వాత లెక్కలేనన్ని. మడత పడిన చోటల్లా సీసం విరిగిపోయి, ఎండకు బీటలిచ్చిన మడిలాగా ఉంది. అన్నిటికంటే వెడల్పైన బీట సరిగ్గా నడుము కింద, కడుపు దగ్గర, ఈ చివర నుంచి ఆ చివరకు ఉంది.

చెంచురామయ్య ఆ ఫిలింను కడిగి ఆరేశాడు. రెబెకమ్మ చెయ్యి చీర కుచ్చెళ్ళ మీదే ఉండిపోయింది.

ఆ సంగతి ఆమె భర్త పాల్‌కు చెప్పలేదు. అతను ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షన్లో పనిచేసేవాడు. తొమ్మిదేళ్ళకు మళ్ళీ కడుపు నిలిచిందని డిపోలో అందరికీ చెప్పేసి ఉన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక వరండాలో కరుణశ్రీని పట్టుకుంది. కరుణశ్రీ జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది, చిన్నప్పటి నుంచి ఆ సంఘంలో పెరిగిన పిల్ల.

"ఎక్స్‌రే ఒంట్లోకి పొయ్యి ఏం చేస్తాది కరుణమ్మా? కాలుస్తాదా?"

"కాలిస్తే మనకు తెలిసేదక్కా. ఇది తెలీదు." కరుణశ్రీ పాఠం చెప్పే అలవాటుతో గట్టు మీద కూర్చుని మొదలుపెట్టింది. "మన ఒంట్లో ఎక్కువ నీళ్ళే గదా. ఎక్స్‌రే ఆ నీళ్ళను ముక్కలు చేస్తాది. అందులో ఆక్సిజన్ ఉండే ముక్క ఒకటి చెడ్డది. అది ఊరికే ఉండలేదు. పుట్టంగానే పక్కన ఏముంటే దాన్ని పట్టుకుంటాది. కన్ను మూసి తెరిచేలోగా దాని పని అయిపోతాది, అదీ పోతాది."

"దేన్ని పట్టుకుంటాది?"

"దేన్నైనా. కానీ ప్రతి కణంలో ఒక సన్న పోగు ఉంటాది, డీఎన్ఏ అంటారు. ఈ ఒళ్ళు ఎట్ట కట్టాలో అంతా దాని మీదే రాసుంటాది. దాన్ని పట్టుకుంటేనే కష్టం." చేతిలో ఉన్న కాగితం వెనక 'వంట' అని రాసింది. "ఇది చదువక్కా."

"వంట."

కరుణశ్రీ వకారానికి పెన్నుతో చిన్న కొమ్ము తగిలించింది. "ఇప్పుడు?"

"మంట," అంది రెబెకమ్మ.

"అంతే. ఆక్సిజన్ వచ్చి ఒక అక్షరానికి ఇట్ట అతుక్కుంటాది. కణం రెండుగా అయ్యేటప్పుడు ఆ రాతను చూసి ఇంకోటి రాసుకోవాల. కొమ్ము చూసి తప్పు చదువుకుంటాది, తప్పే రాసుకుంటాది. దాని తర్వాత పుట్టే కణాలన్నిటికీ ఆ తప్పే నిజం. ఎక్కువ దెబ్బ తగిలితే పోగే రెండుగా తెగిపోతాది."

రెబెకమ్మ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయింది. ఆమె ముఖం చూసి కరుణశ్రీ ధైర్యం చెప్పాలనుకుంది.

"అయినా ఒంట్లో దాన్ని దిద్దేవి గూడా ఉంటాయక్కా. పొద్దస్తమానం దిద్దతానే ఉంటాయి. ఎక్స్‌రే దాకా ఎందుకు, మనం పీల్చే గాలిలో ఆక్సిజన్‌తోనే రోజూ ఒక్కొక్క కణంలో వేల అక్షరాలు ఇట్ట చెడిపోతాయంట. దాదాపు అన్నీ దిద్దుకుంటాయి."

"ఊపిరి పీల్చినా అవుతాదా?"

"అవుతాది. అందరికీ అయ్యేదే."

"దాదాపు అంటే ఏందమ్మా? మిగిలినవి?"

కరుణశ్రీ పెన్నుకు మూత పెట్టింది.

"కడుపులో బిడ్డకైతే?" అని అడిగింది రెబెకమ్మ.

"బిడ్డ కణాలు గబగబా రెండింతలవుతా ఉంటాయి, దిద్దుకునేదానికి టైము తక్కువ, అందుకే..." కరుణశ్రీ ఆగిపోయింది. ఆమె చూపు రెబెకమ్మ ముఖం మీది నుంచి, కొంగు కప్పుకున్న కడుపు మీదికి వెళ్ళింది. "నాకు తెలీదక్కా నీకు నెల తప్పిందని," అంది చిన్నగా.

మరుసటి రోజు రెబెకమ్మ సెలవు పెట్టి ఉదయగిరి బస్సెక్కింది. అక్కడ కొండ కింద పేటలో ఆమె తల్లి ఆనందమ్మ ఉంది. బస్సు కిటికీలోంచి వేడిగాలి వచ్చి ముఖానికి కొడుతోంది. రెబెకమ్మ ఊపిరి కొంచెం కొంచెంగా పీల్చడానికి ప్రయత్నించింది. పీల్చి, బిగబట్టి, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టి వదిలింది. బండగంటి స్టాపు దాటేసరికి తల తిరిగి, ముందుసీటు కమ్మీ పట్టుకుంది. పక్కనున్న ముసలాయన ఆమె వాలకం చూసి కడుపుతో ఉన్న మనిషనుకుని కిటికీ ఇంకా బాగా తెరిచాడు. "గాలి బాగా పీల్చమ్మా, సర్దుకుంటాది," అన్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది.

ఆనందమ్మ కథంతా విని చాటలోని బియ్యంలో వేళ్ళు ఆడించింది. "పోయిన రెండూ దీనివల్లేనా?" అని అడిగింది.

"తెలీదమ్మా. ఎవరూ చెప్పలేరంట."

"మరి ఈ బిడ్డను ఏం చేస్తావు?"

ఆ ప్రశ్నకు భయపడే ఆమె తల్లి దగ్గరికి వచ్చింది. ఊరు బయలుదేరే ముందు డాక్టర్ జనార్దనయ్యకు ఏప్రాన్ ఫిలిం చూపించి, తనకు మూడో నెలని చెప్పినప్పుడు ఆయన ఫిలింను కిటికీకి పెట్టి ఒకసారి చూసి, "అంత భయంగా ఉంటే తీసేయిద్దాం రెబెకమ్మా, చిన్న పనే," అన్నాడు. ఆ మాట కోపంతో అన్నది కాదు. మంచిగానే అన్నాడు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. డాక్టరే ఆ మాట అన్నాడంటే లోపల ఏదో ఉందనుకుంది.

"నువ్వేమంటావమ్మా?" అంది తల్లితో.

"నేను చదువుకోలా. నాకు ప్రార్థన తప్ప ఏం తెలీదు. తెలిసినోళ్ళను అడిగి చేయి. పాల్‌ను దాటుకోని మాత్రం చేయొద్దు."

ఆత్మకూరు తిరిగి వచ్చి ఆమె పాల్‌కు చెప్పింది. అతను తింటున్న పళ్ళెం పక్కకు జరిపాడు. "పది రోజులు దాటిందే ఆయన మద్రాసు నుంచి వచ్చి. నాకెందుకు చెప్పలా?"

"నువ్వు సంతోషంగా ఉండావని."

పాల్ చెయ్యి కడుక్కొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. నెల్లూరు పోదామన్నాడు.

కరుణశ్రీ వాకబు చేసి ఒక లేడీ డాక్టరు పేరు తెచ్చింది. ఆవిడ కేన్సరుకు లైటు పెట్టి వైద్యం చేస్తుంది కాబట్టి దాని మంచీ చెడూ తెలుసు. మార్చి నెలలో ముగ్గురూ నెల్లూరు వెళ్ళారు. డాక్టరమ్మ నాడి పట్టుకోలేదు, కడుపు చూడలేదు. ఒక దిండు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది బిడ్డ అనుకో. ఎట్లా పట్టుకుంటావో చూపించు."

రెబెకమ్మ సిగ్గుపడుతూ దిండును పట్టుకుంది. అలవాటుగా ఒంటిని వెనక్కి, పక్కకు వంచి, చేతులు మాత్రం చాచింది. డాక్టరమ్మ చుట్టూ తిరిగి చూసింది. మిషన్ ఎక్కడుంటుంది, నెలకు ఎంతమంది బిడ్డలొస్తారు, నెల తప్పాక ఎంతమందిని పట్టుకున్నావు అని వరసగా అడిగింది. పదకొండు మంది అని చెప్పింది రెబెకమ్మ. ఆ పదకొండు మంది ముఖాలూ ఆమెకు గుర్తున్నాయి.

డాక్టరమ్మ కాగితం మీద ఏవో లెక్కలు వేసింది. "నీ చేతుల మీద పడ్డంత నీ కడుపు మీద పడలేదమ్మా," అంది. "పడింది చాలా తక్కువ. ఇంత మాత్రానికి కడుపు తీయించుకోమని నేను చెప్పను. కానీ ఈరోజుతో పట్టుకోవడం ఆపెయ్యి."

"ఏమీ కాదని రాసిస్తారా?"

"రాసివ్వలేను."

రెబెకమ్మ ఆవిడ ముఖంలోకే చూసింది.

"ఎక్స్‌రే అంటే తెలియని తల్లికైనా రాసివ్వలేను," అంది డాక్టరమ్మ. "ప్రతి కడుపులోనూ కొంత అపాయం ఉంటుంది. నీకు దాని మీద ఒక గోరంత కలిసింది. అంతవరకే చెప్పగలను."

తర్వాత రెబెకమ్మ చేతులు దీపం కింద పెట్టి భూతద్దంతో చూసింది. కుడి బొటనవేలి పక్కన గరుకుగా ఉన్న చిన్న మచ్చ దగ్గర ఆగింది. ఆర్నెల్లకోసారి వచ్చి దాన్ని చూపించమంది. బిడ్డ సంగతి విని కొంచెం తేలికపడ్డ రెబెకమ్మకు తిరుగు ప్రయాణమంతా ఆ వేలే కనిపించింది.

వారం తిరగకుండా అనుమసముద్రంపేట నుంచి ఒక కుటుంబం పరుగెత్తుకొచ్చింది. కడప నుంచి అక్కడి దర్గాకు వచ్చినవాళ్ళు. ఏడాదిన్నర పిల్ల రూపాయి బిళ్ళ మింగేసింది. చొంగ కారుస్తూ పీలగొంతుతో ఏడుస్తోంది. బిళ్ళ ఎక్కడుందో తెలియాలంటే ఎక్స్‌రే తీయాలి. డాక్టర్ జనార్దనయ్య గుమ్మంలో నిలబడి, "రెబెకమ్మా, రా," అని పిలిచాడు.

ఆమె రాలేదు. వరండాలో గోడ పక్కన నిలబడింది. "నేను పట్టుకోను సార్," అంది.

"ఒక్కసారికి ఏమౌతుంది? పిల్ల చూడు ఎట్లుందో."

పిల్ల తల్లి రెబెకమ్మ చేతులు పట్టుకుంది. పట్టుకోనంటే ఈ పిల్లకేమైనా అవుతుందేమోనని ఒక భయం, పట్టుకుంటే కడుపులో పిల్లకు ఏమవుతుందోనని ఇంకో భయం. ఎదురుగా కాన్పు గుడ్డల మూట కనిపించింది. అందులోంచి పాత పంచె ఒకటి లాగింది.

పుట్టిన బిడ్డలను చుట్టినట్టే ఆ పిల్లను భుజాల నుంచి కాళ్ళదాకా బిగించి చుట్టేసింది. సామాన్లు మోసే చెక్క మీద పడుకోబెట్టి ఇంకో గుడ్డతో చెక్కకు కట్టింది. మెట్ల పని కోసం తెచ్చిన ఇసుక గుట్టగా పడి ఉంటే, రెండు దిండుగలీబుల్లో నింపి తల కదలకుండా అటూ ఇటూ పెట్టింది. అంతా అయిదు నిమిషాల్లో అయిపోయింది. "అన్నా, ఇప్పుడు అందరూ బయటికి రండి," అంది. గుమ్మం బయట నుంచే నాలుకతో టక్కుమనిపించింది. చెంచురామయ్య బటన్ నొక్కాడు.

ఫిలింలో బిళ్ళ గుండ్రంగా, తెల్లగా, గొంతు కింద కనిపించింది. డాక్టరు పట్టకారుతో బిళ్ళను తీసి ఆ తల్లి చేతిలో పెట్టాడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు రెబెకమ్మతో, "ఆ ఇసుక సంచులు పారెయ్యొద్దు," అన్నాడు. ఆ తర్వాత ఆ గదిలో బిడ్డలను ఎవరూ చేత్తో పట్టుకోలేదు. కొత్త ఏప్రాన్ కూడా వచ్చింది. చెంచురామయ్య దాన్ని మడతపెట్టకుండా ఒక వెదురు గెడకు వేలాడదీశాడు.

ఆగస్టులో రెబెకమ్మకు ఆడపిల్ల పుట్టింది. నర్సు బిడ్డను చూపించగానే ఆమె ముద్దు పెట్టుకోలేదు. చేతివేళ్ళు లెక్కపెట్టింది, కాలివేళ్ళు లెక్కపెట్టింది, నోట్లో వేలుపెట్టి అంగిలి తడిమింది, వెల్లకిలా ఉన్న బిడ్డను బోర్లా తిప్పి వెన్ను మీద చెయ్యి నడిపింది. ఎక్కడా ఏ లోపమూ లేదు. అప్పుడామెకు ఏడుపొచ్చి, ఎంతసేపటికీ ఆగలేదు. కృపావతి అని పేరు పెట్టారు.

చెంచురామయ్య రోగం వేళ్ళతో ఆగలేదు. మరుసటి ఏడాదికి చంకలో గడ్డలు లేచాయి. 1997లో పనిమానేసి కలువాయిలో ఇంటిపట్టున పడ్డాడు. రెబెకమ్మ పిల్లను చంకనేసుకుని చూడ్డానికి వెళ్ళింది. అతను మంచంలో కూర్చుని కృపను దగ్గరికి రమ్మని, మళ్ళీ వద్దని, ఎడంచేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"నన్ను తిట్టుకుంటా ఉంటివా అమ్మే?" అన్నాడు. "నిన్ను ఆ గదిలోకి పిలిచింది నేనే గదా."

"నీకు మాత్రం తెలుసా అన్నా."

"తెలీదు. తెలిస్తే నా చెయ్యి పెడతానా?" కొంచెం ఆగి, "నీ వేలు ఎట్టుండాది?" అని అడిగాడు.

ఆమె బొటనవేలు చూపించింది. మచ్చ పెరగలేదు, పోనూ లేదు. అతను దాన్ని వెలుతురుకు తిప్పి ఫిలిం చూసినట్టే చూశాడు. రెండు నెలలకు అతను చనిపోయాడు.

కృపకు మూడేళ్ళు నిండే ముందు ఒకరోజు మోకాళ్ళ కింద నీలం మచ్చలు కనిపించాయి. రెబెకమ్మ వాటిని లెక్కపెట్టింది. ఏడు. రక్తంలో వచ్చే కేన్సరుకు అట్లాంటి మచ్చలు వస్తాయని నెల్లూరులో ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు ఎవరో అనగా విని ఉంది. ఏమీ తినకుండా పాల్‌ను, పిల్లను తీసుకుని మళ్ళీ ఆ డాక్టరమ్మ దగ్గరికే పోయింది. రక్తం తీసి, మూడు గంటలాగి రమ్మన్నారు. ఆ మూడు గంటలూ ఆమె ల్యాబు ఎదురుగా చెప్పులు విడిచే చోట కూర్చుంది. పాల్ సోడా తెచ్చిస్తే సగం తాగి చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది.

డాక్టరమ్మ కాగితం చదివి, కృపను కిందికి దించి పరుగెత్తమంది. పిల్ల వరండా చివరిదాకా పరుగెత్తి, బెంచీ కాలికి తట్టుకుని పడి, లేచి మళ్ళీ పరుగెత్తింది.

"మచ్చలు అందుకే," అంది డాక్టరమ్మ. "రక్తం బాగుంది."

రెబెకమ్మ ఆ నర్సింగ్ హోమ్‌లో పని మానలేదు. ఇంట్లో మాత్రం కృపకు నీళ్ళు పోసేటప్పుడు ముందు వీపు, తర్వాత మెడ, చంకలు, పిక్కలు తడిమి చూసేది. షైనీ నవ్వినా ఆ అలవాటు పోలేదు. కృప చెంబు లాక్కుని తల్లి ముఖం మీద నీళ్ళు కొట్టేది. అప్పుడామె కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చూసేది.